కడగడం, తొక్కడం, మూయడం: కాఖేతి క్వెవ్రీ వైన్ చేసే తీరు

క్వెవ్రీలో, అంటే నేలలో పాతిన మట్టి కుండలో, వైన్ పెట్టడమంటే సగం పని కడగడమే. మిగతా సగంలో ఎక్కువ భాగం గాలి తగలకుండా కాచుకోవడం. ద్రాక్ష తొక్కడం, పాటలు, విందులు ఫొటోల్లో బాగుంటాయి గానీ వాటివల్ల వైన్ చెడిపోయిన దాఖలాలు తక్కువ. చెడేదంతా సరిగ్గా కడగని కుండలోనూ, వెలితిగా వదిలేసిన మూతిదగ్గరానే.

జార్జియా దేశంలో తూర్పున ఉన్న కాఖేతి ప్రాంతం ఈ పనికి పెట్టింది పేరు. అలజాని నది లోయలో, తెలవి పట్టణం చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ ఒక మరాని ఉంటుంది. మరాని అంటే వైన్ గది. నేలలో మెడ దాకా పాతిన మట్టి పాత్రలే అక్కడి సరంజామా అంతా. ఈ పద్ధతిని యునెస్కో 2013లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. రాజధాని ట్బిలిసీకి దక్షిణాన ఉన్న గదచ్రిలి గోరా, షులవేరి గోరా దిబ్బల్లో దొరికిన పెంకుల మీద ద్రాక్షకు గుర్తయిన టార్టారిక్ ఆమ్లం ఆనవాళ్లు కనిపించాయని 2017లో పరిశోధకులు ప్రకటించారు. అవి క్రీ.పూ. 6000 ప్రాంతం నాటివి.

తెలవి దగ్గరే త్సినందాలి ఎస్టేట్ ఉంది. కవి, సైన్యాధికారి అయిన అలెగ్జాండర్ చవ్‌చవాద్జే (1786–1846) ఐరోపా పద్ధతిని ఇక్కడికి తెచ్చాడు. రసాన్ని తొక్కల నుంచి వెంటనే వేరు చేయడం, ఓక్ పీపాల్లో ఉంచడం, సీసాల్లో నింపి దాచడం ఆ పద్ధతి. ఆయన నేలమాళిగలో 1814 నాటి సీసా కూడా ఉంది. 1854లో, రష్యాతో పోరాడుతున్న కాకసస్ కొండజాతుల నాయకుడు ఇమామ్ షమీల్ మనుషులు ఎస్టేట్ మీద పడి, ఆయన కొడుకు దవీద్ కుటుంబాన్ని ఎత్తుకుపోయారు. వాళ్లను విడిపించుకోవడానికి చేసిన అప్పు తీరక, చివరికి ఆస్తి రష్యా చక్రవర్తి ఖజానాకు పోయింది. ఎస్టేట్ పేరుతో వచ్చే తెల్ల వైన్ ఈనాటికీ ఐరోపా దారిదే. లోయలో రైతులు ఇళ్లలో చేసుకునేది మాత్రం ఇంకో దారి: రసం, తొక్క, గింజ, కాడ అన్నీ కలిపి ఒకే కుండలో అయిదారు నెలలు. ఇక్కడ చెప్పేది ఆ రెండోదాని గురించి. సెప్టెంబరు చివర్లో ర్త్వెలికి, అంటే ద్రాక్ష కోతలకు, చేయి కలపడానికి వెళ్లేవాళ్లకు, ట్బిలిసీలో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలతో సహా, ఏది ఎందుకు చేస్తున్నారో ఇది చదివితే తెలుస్తుంది.

పాత్ర

క్వెవ్రీ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, అడుగు సన్నగా మొనదేలి ఉంటుంది. వంద లీటర్ల చిన్నవీ ఉన్నాయి, మూడు వేలు దాటినవీ ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 500 నుంచి 1000 లీటర్లది సరిపోతుంది. అంతకన్నా పెద్దదైతే పులిసేటప్పుడు పుట్టే వేడి బయటికి పోక ఇబ్బంది పెడుతుంది, చిన్నదైతే గాలి తగిలే భాగం ఎక్కువవుతుంది.

తెలవి పక్కనున్న వర్దిసుబానీ, పడమటి ప్రాంతమైన ఇమెరేతిలోని ష్రోషా, మకతుబానీ కుమ్మర్లకు పేరున్న ఊళ్లు. సారె మీద తిప్పరు. మట్టిని తాళ్లలా చేసి చుట్టు మీద చుట్టు పేర్చి, కిందిది కాస్త గట్టిపడ్డాక పైది వేస్తారు. అందుకే పెద్ద కుండకు రెండు మూడు నెలలు పడుతుంది. కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూడండి. ఖంగుమని మోగితే బాగా కాలినట్టు. బొంగురుగా పలికితే లోపల పగులు ఉందన్నమాట, లేదా ఆవంలో వేడి చాలలేదన్నమాట.

ఆవం నుంచి తీశాక కుండ ఇంకా వేడిగా ఉండగానే లోపల తేనెమైనం పూస్తారు. ఇక్కడ చాలామంది పొరపడతారు. మైనం పని కుండను పూర్తిగా మూసేయడం కాదు, పెద్ద రంధ్రాల్లోకి ఇంకి వాటిని పూడ్చడం. గోడ వేడి చాలకపోతే మైనం లోపలికి ఇంకక పైన పొరలా నిలుస్తుంది. ఆ పొర రెండు మూడేళ్లలో లేచి వస్తుంది. దాని వెనక సందుల్లో చేరిన క్రిములను ఏ కుంచె వెళ్లి తోమలేదు. లోపలి గోడను గోటితో గీకినప్పుడు మైనం రేకులుగా లేస్తే ఆ కుండ వద్దు.

పాతేటప్పుడు చుట్టూ ఇసుక పోసి, జానెడు జానెడు మందాన తడిపి కూరుతూ రావాలి. రాళ్లున్న మట్టి పోస్తే, నిండిన కుండ బరువుకు ఎక్కడో ఒకచోట రాయి గుచ్చుకుని గోడ చిట్లుతుంది. బయటి గోడకు సున్నపు పూత పూసి పాతుతారు. మూతి మాత్రం నేల మట్టానికి రెండు మూడు వేళ్లు ఎత్తుగా ఉండాలి, లేకపోతే గచ్చు కడిగిన నీళ్లన్నీ లోపలికే. పాతాక నీళ్లతో నింపి వారం పాటు వదిలేసి మట్టం గుర్తు పెట్టుకోండి. మొదటి రెండు రోజులు కొంచెం దిగడం సహజం. ఆ తర్వాత కూడా దిగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే.

కడగడం

వైన్ తీసిన రోజే కడగాలి. మడ్డి ఎండిపోతే దాన్ని వదిలించడానికి రెట్టింపు శ్రమ. ముందు మామూలు నీళ్లతో రెండు మూడు సార్లు తొలవండి. తర్వాత సార్త్స్‌ఖితో తోమాలి. చెర్రీ చెట్టు బెరడు పొరలను గుండ్రంగా పేర్చి పొడవాటి కర్రకు గుచ్చిన పనిముట్టు అది. ఇనప బ్రష్షుతో రుద్దితే మైనం లేచిపోతుంది, ప్లాస్టిక్ బ్రష్షు వంపుల్లోకి చేరదు. బెరడు నానితే మెత్తబడి గోడ వంపుకు అతుక్కుని సాగుతుంది. అందుకే ప్రెషర్ వాషర్లు వచ్చినా దీన్ని ఎవరూ పారేయలేదు.

పాతకాలంలో బూడిద నీళ్లు వాడేవాళ్లు. ఇప్పుడు వాషింగ్ సోడా నీళ్లు, 100 లీటర్లకు కిలో నుంచి రెండు కిలోలు. నీళ్లు గోరువెచ్చగా ఉంటే మేలు, కానీ 50 డిగ్రీలు దాటొద్దు. తేనెమైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మసిలే నీళ్లు పోసి శుభ్రం చేశాననుకున్నవాళ్లు నిజానికి మైనాన్ని కరిగించి అడుగుకు చేర్చినవాళ్లు. సోడా నీళ్లు తోడేశాక 1 శాతం నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లతో ఒకసారి, ఆ తర్వాత మంచినీళ్లతో తేటగా వచ్చేదాకా. చివర్లో తోడిన నీళ్లను నోట్లో పోసుకుని చూడటం అక్కడ మామూలే. ఏ రుచీ తెలియకపోతే పని అయినట్టు.

బ్లీచింగ్ పౌడర్, సువాసన డిటర్జెంట్లు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మట్టి వాసనను పట్టుకుంటే వదలదు. క్లోరిన్ తగిలిన కుండలో బూజు వాసన వైన్ దిగుతుంది, ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది.

ఆరాక గంధకం వెలిగించి పొగ పెడతారు. 1000 లీటర్ల కుండకు 15–20 గ్రాములు చాలు. కాలుతున్న గంధకాన్ని ఇనప గిన్నెలో పెట్టి గొలుసుతో వేలాడదీయాలి. కరిగిన చుక్కలు కుండ అడుగున పడి ఉండిపోతే, తర్వాత పులిసేటప్పుడు ఈస్ట్ దాన్ని కుళ్లిన గుడ్ల వాసనగా మార్చి మీకు తిరిగిస్తుంది. ద్రాక్ష పోసే ముందురోజు ఇంకోసారి నీళ్లతో కడిగి ఆరనివ్వండి.

పెద్ద క్వెవ్రీ అయితే మనిషి లోపలికి దిగి తోమాల్సి వస్తుంది. మన పల్లెల్లో ధాన్యం పాతర తెరవగానే దిగకూడదని పెద్దవాళ్లు చెప్పేది ఎందుకో, ఇక్కడా అందుకే దిగకూడదు. ఒక లీటరు రసం పులిస్తే 50 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలికన్నా బరువు, కుండ అడుగున పేరుకుంటుంది, వాసన ఉండదు. వెలిగించిన కొవ్వొత్తి దించి చూడటం పాత పద్ధతి. అది ఆరిపోతే దిగకూడదన్నది నిజమే గానీ, ఆరకపోతే దిగొచ్చన్న భరోసా లేదు. బ్లోయర్‌తో బయటి గాలి కనీసం అరగంట లోపలికి కొట్టాలి, నడుముకు తాడు కట్టాలి, పైన ఒక మనిషి కదలకుండా ఉండాలి. లోపలివాడు పడిపోతే పైవాడు తాడు లాగాలి తప్ప తాను దిగకూడదు. వైన్ పులుస్తున్న రోజుల్లో మరాని తలుపులు, కిందివైపు కిటికీలు రాత్రిపూట కూడా తీసే ఉంచండి.

ద్రాక్ష, లెక్క

తెల్ల రకాల్లో ర్కాత్సితెలి ప్రధానం. దానికి తోడు మ్త్స్వానే, కిసి, ఖిఖ్వి. తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 22–24 బ్రిక్స్ (నూటికి సుమారు అన్ని పాళ్లు చక్కెర) చూపినప్పుడు కోస్తే 12.5 నుంచి 13.5 శాతం ఆల్కహాల్ వస్తుంది. తీపి ఒక్కటే చూసి కోయొద్దు, కాడలు కూడా చూడండి. గుత్తి కాడ పచ్చగా ఉంటే అది కుండలోకి పచ్చి చేదును తెస్తుంది. గోధుమ రంగుకు తిరిగి పుల్లలా విరిగితేనే కాఖేతి పద్ధతికి పనికొస్తుంది. వానలు పడి కాడ ముదరని ఏడాది సగం కాడలు, అవసరమైతే మొత్తం కాడలు తీసేయడమే తెలివైన పని. సంప్రదాయం పేరుతో పచ్చి కాడలు వేసి, తర్వాత వగరు గురించి వాపోయేవాళ్లు ప్రతి ఏడూ కనిపిస్తారు.

1000 లీటర్ల క్వెవ్రీని మొదట 80 శాతం దాకా మాత్రమే నింపాలి. అంటే సుమారు 800–850 కిలోల ద్రాక్ష. మిగతా ఖాళీ పులిసేటప్పుడు పైకి పొంగే తొక్కల కోసం. దీన్నుంచి చివరికి చేతికొచ్చే వైన్ సుమారు 550 లీటర్లు. కోత తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కేలోపు ఆపండి. మధ్యాహ్నం కోసిన ద్రాక్ష రసం అప్పటికే 25 డిగ్రీలు దాటి ఉంటుంది, ఆ వేడితో మొదలైన పులియడాన్ని తర్వాత అదుపు చేయడం కష్టం. కుళ్లిన గుత్తులను తోటలోనే తీసేయాలి, తొట్టి దగ్గర ఏరడం జరిగే పని కాదు.

తొక్కే తొట్టిని సత్స్‌నఖెలి అంటారు. పెద్ద దుంగను తొలిచి చేసింది, రసం కారడానికి ఒక పక్క చిల్లు ఉంటుంది. కాళ్లతో తొక్కితే గింజ నలగదు. యంత్రం వాడితే రోలర్ల మధ్య సందు గింజ కన్నా వెడల్పుగా పెట్టుకోవాలి. నలిగిన గింజ చేదు ఆరు నెలలు కుండలో నానితే దాన్ని ఏదీ కప్పిపుచ్చదు. రసం, దానితో పాటు చాచా అంతా క్వెవ్రీలోకి పోతుంది. తొక్క, గింజ, కాడ కలిసిన పిప్పిని చాచా అంటారు, దాని నుంచి కాచే సారాకు కూడా అదే పేరు.

బయటి ఈస్ట్ వేయరు, ద్రాక్ష మీద ఉన్నదే చాలు. చలి ముందే దిగిన ఏడాది మాత్రం, కోతకు నాలుగైదు రోజుల ముందు 15–20 కిలోల మంచి గుత్తులు తొక్కి, వెచ్చటి చోట పులియబెట్టుకుని, అది జోరుగా పొంగుతున్నప్పుడు కుండలో కలిపితే ఆలస్యం ఉండదు.

పులిసే రోజులు

రెండు మూడు రోజుల్లో బుడగలు మొదలై, తొక్కలన్నీ పైకి లేచి దట్టమైన కప్పులా తేలతాయి. అప్పటినుంచి మూడు నాలుగు గంటలకోసారి, రాత్రిళ్లు సహా, పొడవాటి కర్రతో ఆ కప్పును కిందికి తొయ్యాలి. పైన ఎండిన తొక్క మీద వెనిగర్ బ్యాక్టీరియా చేరడానికి ఒక్క పూట చాలు. కర్రను గోడ వెంట దించి అడుగుదాకా తిప్పండి, నడిమధ్య మాత్రమే పొడిస్తే పక్కల్లో వేడి ముద్దలు మిగులుతాయి.

నేల 14–15 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి చిన్న కుండ తనంతట తానే చల్లబడుతుంది. లోపల 25–28 డిగ్రీలుంటే మంచిది. 32 దాటితే ఈస్ట్ అలసిపోయి తీపి మిగిలుండగానే ఆగిపోతుంది, ఆ తీపి మీద చెడు బ్యాక్టీరియా పడుతుంది. పెద్ద కుండలున్నవాళ్లు స్టీలు గొట్టపు చుట్టను లోపలికి దించి దానిలోంచి చల్లటి నీళ్లు పారిస్తారు. రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత, ఒకసారి హైడ్రోమీటర్ (రసం సాంద్రత కొలిచే పరికరం) రీడింగు రాసి పెట్టండి. రెండు రోజులు రీడింగు కదలకపోతే ఏదో తేడా ఉన్నట్టు. చలికి ఆగిందనుకుంటే, ఒక పదోవంతు తోడి వెచ్చబెట్టి, పక్క కుండలో జోరుగా పులుస్తున్న రసం కలిపి, మళ్లీ మొదలయ్యాక కొంచెం కొంచెంగా తిరిగి పోయాలి.

రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాల్లో హైడ్రోమీటర్ 0.995 దగ్గరికి వస్తుంది, అంటే తీపి అయిపోయినట్టే. కప్పు తనంతట తాను మునగడం మొదలుపెడుతుంది. అడుగు మొనలో మొదట గింజలు చేరతాయి, వాటిమీద మడ్డి, తొక్కలు దిగి గింజలను కప్పేస్తాయి. కుండ అడుగు సన్నగా ఉండటంలోని ఉపయోగం ఇదే: చేదు ఉండే గింజలు కాస్తంత చోట ముడుచుకుంటాయి, వైన్ వాటికి దూరంగా ఉంటుంది.

మూయడం

పులియడం ఆగాక కుండలో ఖాళీ ఉండకూడదు. పక్క క్వెవ్రీలోని అదే రకం వైన్‌తో మూతిదాకా నింపాలి. అందుకే ఒక్క కుండతో ఈ పని మొదలుపెట్టకూడదు, పెద్దదాని పక్కన చిన్నది ఒకటి తప్పక ఉండాలి. మొదట మూతను వదులుగా పెడతారు, ఎందుకంటే ఇంకో పులియడం మిగిలే ఉంది. కరుకైన మాలిక్ ఆమ్లం మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారేది అప్పుడే. చలికాలం గట్టిపడేలోపు అది అయిపోతే మంచిది, కాకపోతే వసంతంలో నేల వెచ్చబడ్డాక మళ్లీ కదిలి మూతను తన్నుతుంది.

బుడగలు ఆగాక రాతి పలకతో గానీ ఓక్ చెక్కతో గానీ మూసి, అంచు చుట్టూ మెత్తని బంకమన్ను వేలెడు మందాన పామి, పైన తడి ఇసుక పోస్తారు. బంకమన్ను ఎండితే బీటలు వారుతుంది, బీట పడితే లోపలికి గాలి పోతుంది. ఇసుకను తడిగా ఉంచడం చలికాలపు పనుల్లో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా ఎక్కువగా మరచిపోయేది. గాజు మూత, సిలికాన్ అంచు, ఎయిర్‌లాక్ (లోపలి వాయువును వదిలి, బయటి గాలిని రానివ్వని బిరడా) పెట్టుకునేవాళ్లూ ఇప్పుడు చాలామందే. చూడ్డానికి అందం తక్కువ, నిద్ర ఎక్కువ.

మొదటి నెల వారానికోసారి, తర్వాత మూడు వారాలకోసారి తెరిచి మట్టం చూడండి. పైన పలచని తెల్ల పొర కనిపిస్తే గాలి తగులుతున్నట్టు. దాన్ని కలిసిపోనివ్వకుండా జాగ్రత్తగా తీసి, వెంటనే మూతిదాకా నింపాలి. వాసనలో వెనిగర్ ఘాటు వచ్చేసిందంటే ఆలస్యమైపోయినట్టే. అప్పుడు దాన్ని మంచి వైన్‌లో కలిపి పలచన చేద్దామన్న ఆలోచన పెట్టుకోవద్దు, రెండూ పోతాయి.

కుళ్లిన గుడ్ల వాసనకు మాత్రం మందుంది: వైన్‌ను గాలి తగిలేలా ఒకసారి వేరే పాత్రలోకి మారిస్తే చాలావరకు పోతుంది, నెలల తరబడి వదిలేస్తే పోదు. మింగిన కాసేపటికి నాలుక వెనక ఎలుకల కంపులా తేలేది ఇంకో తెగులు. పి.హెచ్. (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 3.7 దాటిన, గంధకం అసలే వాడని వైన్‌లో అది ఎక్కువగా వస్తుంది, ముక్కుకు ముందుగా తెలియదు, వచ్చాక విరుగుడు లేదు. గంధకం బొత్తిగా వద్దని పట్టుబట్టేవాళ్లు ముందు ఒక పి.హెచ్. మీటరు కొనుక్కోవాలి.

తీయడం

మార్చి, ఏప్రిల్ నెలల్లో, నేల వెచ్చబడకముందే తెరుస్తారు. పొడవాటి కాడకు ఎండు సొరబుర్ర కట్టిన ఒర్షిమోతో తోడటం పాత అలవాటు, పంపు పెడితే గొట్టం కొసను తొక్కల మట్టానికి బాగా పైనే ఆపాలి. పైనున్న సుమారు 400 లీటర్లు వడకట్టకుండానే తేటగా, ముదురు తేనె రంగులో వస్తాయి. కింది తొక్కల్లోంచి పిండింది మసకగా, వగరుగా ఉంటుంది. దాన్ని వేరే ఉంచాలి. తేటదాన్ని కడిగి సిద్ధం చేసుకున్న చిన్న క్వెవ్రీలోకి మూతిదాకా నింపి మళ్లీ మూయాలి. ఈ మార్పిడిలో లీటరుకు 30 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ కావాలంటే 100 లీటర్లకు పొటాషియం మెటాబైసల్ఫైట్ 5–6 గ్రాములు. మిగిలిన చాచాను అదే వారంలో సారా బట్టీకి పంపేయాలి. గాలికి వదిలేస్తే అది వెనిగర్ అవుతుంది, దానిమీద ముసిరిన ఈగలు పక్క కుండల మీదా వాలతాయి.

ఎర్ర ద్రాక్ష రకమైన సపెరావికి ఇంత కాలం వద్దు. దాని కండ కూడా ఎర్రగానే ఉంటుంది, రంగు రెండు రోజుల్లోనే దిగుతుంది. పది రోజుల నుంచి మూడు నాలుగు వారాల్లో తొక్కలు తీసేయకపోతే వగరు నోరు పట్టేస్తుంది. పడమటి ఇమెరేతిలో తెల్ల రకాలకు కూడా చాచాలో కొంత భాగమే, కాడలు లేకుండా వేస్తారు. అక్కడ పాత్రను చురి అంటారు, చాలాచోట్ల ఆరుబయటే పాతుతారు.

ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో ఈ ప్రయోగం చేయడం నేరం. పైగా మన నేల ఏడాది పొడుగునా 14 డిగ్రీల దరిదాపుల్లో ఉండదు, పాతినా కుండ చల్లబడదు.

కొని తాగేవాళ్లు సీసా మీద చూడాల్సింది ఒకటే మాట. ‘త్సినందాలి’ అని మాత్రమే ఉంటే అది ర్కాత్సితెలి, మ్త్స్వానేలతో ఐరోపా దారిలో చేసిన లేత రంగు వైన్, ఫ్రిజ్‌లో చల్లబరిచి తాగేది. ‘క్వెవ్రీ’ అని రాసి ఉన్న తెల్ల వైన్‌ను 14–16 డిగ్రీల దగ్గర, తాగే ముందు అరగంట తెరిచి ఉంచి పోయండి. అంతకన్నా చల్లగా ఇస్తే వాసన ముడుచుకుపోయి వగరొక్కటే నాలుకకు తగులుతుంది.